గుర్తులు లేని ఎల్‌ఈడీకి ఎన్ని వోల్టులు ఇవ్వాలో తేల్చుకోవడం ఎలా?

పాత పరికరాల నుంచి ఊడదీసినవో, పేరూ వివరమూ లేని సంచిలో కలగాపులగంగా దొరికినవో ఎల్‌ఈడీలు చేతికి వచ్చినప్పుడు ముందుగా కలిగే సందేహం ఒక్కటే: దీనికి ఎన్ని వోల్టులు ఇవ్వాలి? రెసిస్టరు మీద రంగుల పట్టీలుంటాయి, కెపాసిటరు మీద అంకెలుంటాయి, కాని ఎల్‌ఈడీ ఒంటి మీద ఏ రాతా ఉండదు. తయారీదారు ఇచ్చిన డేటాషీటు ఉంటే అందులో అన్నీ దొరుకుతాయి. అది లేనప్పుడు కొలిచి తెలుసుకోవడం తప్ప దారి లేదు. ఆ కొలత కష్టమేమీ కాదు. ఒక మల్టీమీటరు, రెండు మూడు రెసిస్టర్లు, 5 వోల్టుల సప్లై ఉంటే చాలు. అయితే కొలత మొదలుపెట్టే ముందు ప్రశ్ననే కొంచెం సరిదిద్దుకోవాలి, ఎందుకంటే ఎల్‌ఈడీలు కాలిపోయే సందర్భాల్లో చాలావాటికి మూలం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఫిలమెంటు బల్బు మీద 12 వోల్టులని రాసి ఉంటే, దానికి 12 వోల్టులు ఇచ్చి ఊరుకోవచ్చు. తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది కనుక, ఎంత కరెంటు తీసుకోవాలో ఆ బల్బే చూసుకుంటుంది. ఎల్‌ఈడీ స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అది డయోడు, అంటే కరెంటును ఒకే దిశలో పారనిచ్చేది. ఒక స్థాయి దాకా వోల్టేజి పెంచినా దానిలో కరెంటు దాదాపు పారదు. ఆ స్థాయి దాటగానే వోల్టేజిలో వచ్చే చిన్న పెరుగుదలకే కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మామూలు 5 మిల్లీమీటర్ల తెల్ల ఎల్‌ఈడీని కొలిస్తే సుమారు 2.8 వోల్టుల దగ్గర నాలుగైదు మిల్లీఆంపియర్లు, 3.1 లేదా 3.2 వోల్టుల దగ్గర 20 మిల్లీఆంపియర్లు కనిపించడం సహజం. అంటే వోల్టులో మూడో వంతు తేడాకే కరెంటు నాలుగైదు రెట్లయింది. దీనికి వేడి కూడా తోడవుతుంది. ఎల్‌ఈడీ ఉష్ణోగ్రత ఒక్కొక్క డిగ్రీ పెరిగినప్పుడల్లా అది కోరే వోల్టేజి సుమారు రెండు మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. సప్లై వోల్టేజి మాత్రం కదలకుండా నిలిచి ఉంటే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, ఆ వేడికి కరెంటు మళ్లీ పెరుగుతుంది. ఒకే సంచిలోని రెండు ఎల్‌ఈడీల మధ్య కూడా వోల్టులో పదో వంతో, ఐదో వంతో తేడా ఉండటం మామూలే. కాబట్టి ఒక ఎల్‌ఈడీకి సరిపోయిందని అదే వోల్టేజిని మరొకదానికి నేరుగా ఇవ్వడం ప్రమాదం.

అందువల్ల మనం వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. ఈ ఎల్‌ఈడీలో ఎంత కరెంటు పారనివ్వాలి? ఆ కరెంటు పారుతున్నప్పుడు దాని రెండు కాళ్ల మధ్య ఎన్ని వోల్టులు నిలుస్తాయి? మొదటిది మనం నిర్ణయించేది, రెండోది ఎల్‌ఈడీ చెప్పేది. రెండో దాన్ని ఫార్వర్డ్ వోల్టేజి అంటారు. ఈ రెండూ తెలిస్తే సప్లై 5 వోల్టులైనా 12 వోల్టులైనా 24 వోల్టులైనా ఫరవాలేదు. మిగిలిన వోల్టేజిని రెసిస్టరు మోస్తుంది.

రంగును బట్టి ముందస్తు అంచనా

కొలవకముందే రంగును చూసి ఫార్వర్డ్ వోల్టేజిని చాలావరకు ఊహించవచ్చు. ఎల్‌ఈడీ వెదజల్లే కాంతి రంగు దాని చిప్పులో వాడిన అర్ధవాహక పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఆ పదార్థమే వోల్టేజిని కూడా నిర్ణయిస్తుంది. 1240ని కాంతి తరంగదైర్ఘ్యంతో, అంటే నానోమీటర్లలో చెప్పే అంకెతో, భాగిస్తే ఒక్కొక్క కాంతి కణం శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 630 నానోమీటర్ల ఎరుపుకు అది 1.97, 465 నానోమీటర్ల నీలానికి 2.67. ఫార్వర్డ్ వోల్టేజి ఈ అంకెకు దగ్గరలోనే, సాధారణంగా కొంచెం పైన ఉంటుంది.

ఆచరణలో కనిపించే అంకెలు ఇవి. రిమోట్లలో వాడే ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలకు 1.2 నుంచి 1.5 వోల్టుల దాకా, ఎరుపుకు 1.8 నుంచి 2.2 దాకా, నారింజ, పసుపు రంగులకు ఇంచుమించు 2.0 నుంచి 2.2 దాకా, నీలానికీ తెలుపుకూ 2.8 నుంచి 3.4 దాకా, అతినీలలోహితానికి 3.1 నుంచి 3.8 దాకా వస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలి చిప్పే. దాని మీద పసుపు కాంతినిచ్చే ఫాస్ఫరు పూత ఉంటుంది కనుక రెండింటి వోల్టేజీ ఒకటే. ఆకుపచ్చ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఈ పేరుతో రెండు వేర్వేరు జాతులున్నాయి. పాత పరికరాల్లో కనిపించే, కొంచెం పసుపు కలిసిన ఆకుపచ్చ గాలియం ఫాస్ఫైడుతో చేసింది, దానికి 2.1 వోల్టుల చుట్టుపక్కల సరిపోతుంది. నీలికి దగ్గరగా ఉండే, మిరుమిట్లు గొలిపే ఆకుపచ్చ ఇండియం గాలియం నైట్రైడుతో చేసింది, దానికి 3 వోల్టుల పైన కావాలి. కంటికి కనిపించే ఎర్రటి ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చూపించినా, ఈ నైట్రైడు పదార్థాల మీద పట్టు చిక్కి ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ రావడానికి 1990ల దాకా పట్టింది. ఆ కృషికే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. పాత పరికరంలో నుంచి తీసిన ఆకుపచ్చ ఎల్‌ఈడీ తక్కువ వోల్టేజిదై ఉండటానికి కారణం ఈ చరిత్రే.

పైన ఉన్న ప్లాస్టిక్కు రంగును మాత్రం పూర్తిగా నమ్మకూడదు. నీళ్లలా తేటగా ఉన్న ఎల్‌ఈడీ ఏ రంగైనా కావచ్చు. అందుకే కొలత.

కొలత

ముందుగా ఏ కాలు ఏదో తెలియాలి. కొత్త ఎల్‌ఈడీకి పొడుగు కాలు ఆనోడు, అంటే పాజిటివ్ వైపు కలపవలసినది. పొట్టి కాలు కాథోడు. అడుగున గుండ్రటి అంచు ఒకవైపు చదునుగా కోసి ఉంటే ఆ వైపుది కాథోడు. లోపలికి చూస్తే పెద్దగా, గిన్నెలా కనిపించే లోహపు ముక్క ఎక్కువ ఎల్‌ఈడీలలో కాథోడే అయినా, దీనికి మినహాయింపులున్నాయి, కాబట్టి దాన్ని చివరి ఆధారంగానే చూడాలి. కాళ్లు కత్తిరించిన పాత ఎల్‌ఈడీ విషయంలో రెండు వైపులా కలిపి చూడటమే నిక్కచ్చి పద్ధతి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎల్‌ఈడీలు ఎదురు వోల్టేజిని ఎక్కువగా తట్టుకోలేవు. చాలా డేటాషీట్లలో ఆ హద్దు 5 వోల్టులే. అందుకే, 9 వోల్టుల బ్యాటరీతో పరీక్షించే అలవాటు ఎక్కువమందికి ఉన్నా, ఫోను ఛార్జరు నుంచి వచ్చే 5 వోల్టుల సప్లైతో మొదలుపెట్టడమే మేలని నా గట్టి అభిప్రాయం. తిప్పి పెట్టినా ఆ సప్లైతో హద్దు దాటం. దానికి 330 ఓముల రెసిస్టరును సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, పెట్టామంటే, రెండు క్లిప్పులూ ఒకదానికొకటి తగిలినా పారే కరెంటు 15 మిల్లీఆంపియర్లే. అంటే ఈ అమరికలో చేయి జారినా సాధారణ 3, 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి హాని జరగదు. ఒక కిలో ఓము రెసిస్టరును కూడా పక్కన ఉంచుకోవాలి. దాని అవసరం త్వరలోనే వస్తుంది.

సప్లై పాజిటివ్ నుంచి రెసిస్టరుకు, రెసిస్టరు నుంచి ఎల్‌ఈడీ ఆనోడుకు, కాథోడు నుంచి సప్లై నెగటివ్‌కు కలపాలి. బ్రెడ్‌బోర్డు మీద పెట్టుకుంటే ఎల్‌ఈడీలను ఒకదాని తర్వాత ఒకటి మార్చడం తేలిక. మొదట ఒక కిలో ఓము రెసిస్టరుతో కలిపి, వెలిగిందో లేదో చూడాలి. వెలగకపోతే తిప్పి పెట్టాలి. వెలిగాక మల్టీమీటరును డీసీ వోల్టేజి 20 వోల్టుల స్థాయికి తిప్పి మూడు కొలతలు తీసుకోవాలి: సప్లై అసలు వోల్టేజి ఎంత, రెసిస్టరు రెండు కొసల మధ్య ఎంత, ఎల్‌ఈడీ కాళ్ల మధ్య ఎంత. ఛార్జరు మీద 5 అని ఉన్నా నిజంగా 4.9 నుంచి 5.2 దాకా ఏదైనా రావచ్చు కనుక మొదటి కొలతను వదిలేయకూడదు. రెసిస్టరు మీది వోల్టేజిని దాని ఓములతో భాగిస్తే కరెంటు వస్తుంది. ఇందుకోసం మీటరును ఆంపియర్ల స్థాయిలో పెట్టి వలయాన్ని తెంపి కలపనక్కరలేదు. మీటరును తిరిగి మార్చడం మరిచిపోయి అదే స్థాయిలో వోల్టేజి కొలవబోయి మీటరు ఫ్యూజు పోగొట్టుకోవడం చాలామందికి అనుభవమే.

తర్వాత కిలో ఓము స్థానంలో 330 ఓముల రెసిస్టరు పెట్టి అవే కొలతలు మళ్లీ తీసుకోవాలి. ఒక ఎర్ర ఎల్‌ఈడీకి మొదటిసారి 3 మిల్లీఆంపియర్ల దగ్గర 1.85 వోల్టులు, రెండోసారి 9 మిల్లీఆంపియర్ల దగ్గర 1.95 వోల్టులు వచ్చాయనుకుందాం. కరెంటు మూడింతలైనా వోల్టేజి పదో వంతు వోల్టే పెరిగింది. ఇది మామూలు ఎల్‌ఈడీ అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 20 మిల్లీఆంపియర్ల దగ్గర మరొక పదో వంతు పెరుగుతుందని అనుకుని, దాని ఫార్వర్డ్ వోల్టేజిని 2.05గా రాసుకోవచ్చు.

రెండు కొలతలు ఎందుకో ఇప్పుడు చెబుతాను. కొన్ని ఎల్‌ఈడీలకు లోపలే రెసిస్టరు అమర్చి, 5 వోల్టులకో 12 వోల్టులకో నేరుగా కలపడానికి వీలుగా తయారు చేస్తారు. బయటి నుంచి చూస్తే మామూలు ఎల్‌ఈడీకీ దానికీ తేడా తెలియదు. అలాంటి ఎర్ర ఎల్‌ఈడీని మన అమరికలో పెడితే, కిలో ఓముతో దాని కాళ్ల మధ్య 3.4 వోల్టులు, 330 ఓములతో 4.2 వోల్టులు రావచ్చు. ఎర్రటి చిప్పుకు 4 వోల్టులు రావడం సాధ్యం కాదు, కాబట్టి లోపల ఇంకేదో ఉందన్నమాట. కరెంటులు మొదటిసారి 1.6, రెండోసారి 2.4 మిల్లీఆంపియర్లు. వోల్టేజి తేడా 0.8ని కరెంటు తేడా 0.0008 ఆంపియరుతో భాగిస్తే 1000 ఓములు వస్తుంది: అదే లోపలి రెసిస్టరు విలువ. 1.6 మిల్లీఆంపియర్ల దగ్గర ఆ రెసిస్టరు మీద పడేది 1.6 వోల్టులు కనుక, 3.4లో నుంచి అది తీసేస్తే చిప్పు వాటా 1.8 వోల్టులు. ఇక 12 వోల్టులిస్తే 10.2 వోల్టులు లోపలి రెసిస్టరు మీద పడి, 10 మిల్లీఆంపియర్ల పైచిలుకు పారుతుంది. ఈ ఎల్‌ఈడీని 12 వోల్టుల కోసమే చేశారని ఇంతటితో తేలిపోయింది. తెలియని వస్తువు తన లోపలి కథను ఇలా రెండు అంకెల్లో చెప్పేయడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

మల్టీమీటరులోని డయోడు పరీక్ష కూడా ఉపయోగపడుతుంది, కాని దాని హద్దులు తెలిసి వాడాలి. అది మిల్లీఆంపియరు చుట్టుపక్కల కరెంటును మాత్రమే పంపుతుంది కనుక, అది చూపే అంకె వాడుకలో వచ్చే వోల్టేజి కంటే తక్కువగా ఉంటుంది. పైగా కొన్ని మీటర్లు ఈ పరీక్షలో 3 వోల్టులకు మించి ఇవ్వలేవు, అందువల్ల ఎరుపు వెలుగుతుంది, నీలం, తెలుపు వెలగవు. మీటరు తెరమీద ఏ అంకే రాలేదని నీలి ఎల్‌ఈడీని పాడైందని పారేయకూడదు. 3 వోల్టుల బిళ్ల బ్యాటరీకి లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి దాని రెండు ముఖాలకూ కాళ్లను క్షణంపాటు తాకించి రంగునూ దిశనూ చూసుకోవడం కూడా మంచి ఉపాయమే. అయితే అది రంగు చెబుతుంది, కొలత చెప్పదు.

వెలగనివి, చిక్కు పెట్టేవి

రెండు వైపులా తిప్పి చూసినా వెలగని ఎల్‌ఈడీ పాడైనదే కానక్కరలేదు. ముందు దాని కాళ్ల మధ్య వోల్టేజి చూడాలి. 1.2 వోల్టుల చుట్టూ ఉంటే అది ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ. ఫోను కెమెరాతో చూస్తే ఊదా రంగు కలిసిన తెల్లని వెలుగు కనిపిస్తుంది. కొన్ని ఫోన్ల వెనక కెమెరాలు ఆ కాంతిని వడగడతాయి, అప్పుడు ముందు కెమెరాతో ప్రయత్నించాలి. 0.6 లేదా 0.7 వోల్టులు వస్తే అది ఎల్‌ఈడీయే కాకపోవచ్చు. కాంతిని పసిగట్టే ఫోటోడయోడులు చూడటానికి అచ్చం ఎల్‌ఈడీల్లాగే ఉంటాయి. సున్నా వస్తే లోపల షార్టయింది. ఏ వైపు పెట్టినా మొత్తం 5 వోల్టులూ కనిపిస్తే రెండే అవకాశాలు: లోపలి తీగ తెగిపోయి ఉండాలి, లేదా దానికి 5 వోల్టులు చాలవు.

ఆ రెండో అవకాశం ఇప్పుడు అరుదేమీ కాదు. టీవీ తెర వెనక వెలిగే ఎల్‌ఈడీలలో 3 వోల్టులవీ 6 వోల్టులవీ ఉన్నాయి. ఇళ్లలో వాడే బల్బుల్లోని చదునైన చిన్న ఎల్‌ఈడీలలో ఒక్కొక్క దానికి 9 వోల్టులు, 18 వోల్టులు కావలసినవి కూడా వస్తున్నాయి. పైన ఒకే పసుపు చుక్క కనిపించినా లోపల రెండో మూడో అంతకంటే ఎక్కువో చిప్పులు సిరీస్‌లో ఉంటాయి. వీటికి 12 వోల్టుల సప్లై, దానితో 2.2 కిలో ఓముల రెసిస్టరు వాడాలి. అప్పటికీ వెలగకపోతే 24 వోల్టులు, 4.7 కిలో ఓములు. ఈ దశలో దిశను గుర్తుల ద్వారా ముందే నిర్ధారించుకోవాలి, ఎందుకంటే ఎదురు వోల్టేజి ఇప్పుడు 5ను దాటుతోంది. రెసిస్టరు కరెంటును ఐదు మిల్లీఆంపియర్ల చుట్టుపక్కలే ఆపుతుంది కనుక పొరపాటు క్షణకాలం జరిగితే సాధారణంగా నష్టం ఉండదు, అయినా అలాగే వదిలేయకూడదు.

బల్బు విప్పి పరీక్షించేవారు ఒక్క విషయం ఎప్పటికీ మరవకూడదు. బల్బు లోపలి డ్రైవరు, అంటే ఎల్‌ఈడీలకు కరెంటు అందించే సర్క్యూటు, చాలాసార్లు మెయిన్స్ నుంచి వేరుచేసి ఉండదు; అది కరెంటుకు కలిపి ఉన్నప్పుడు పలక మీది ప్రతి ఎల్‌ఈడీ కాలికీ ప్రాణాంతకమైన వోల్టేజి అందుతుంది. హోల్డరు నుంచి తీసి, కెపాసిటరు ఖాళీ అయ్యాకనే తాకాలి, బయటి సప్లైతోనే పరీక్షించాలి. టీవీ బ్యాక్‌లైటు వరసలకూ ఇదే వర్తిస్తుంది.

రెండు కాళ్లుండి, ఒకవైపు పెడితే ఎరుపు, తిప్పితే ఆకుపచ్చ వెలిగేది రెండు చిప్పులను ఎదురెదురుగా కలిపిన ఎల్‌ఈడీ. రెండు వైపులా విడిగా కొలవాలి. నాలుగు కాళ్లున్నదానిలో అన్నిటికంటే పొడవైనది ఉమ్మడి కాలు. అది ఆనోడు కావచ్చు, కాథోడు కావచ్చు. దాన్ని ఒకసారి పాజిటివ్‌కూ ఒకసారి నెగటివ్‌కూ కలిపి మిగిలిన మూడింటినీ తాకి చూస్తే తెలిసిపోతుంది. మూడు రంగుల వోల్టేజీలూ ఒకటి కావు కనుక ఉమ్మడి కాలికి ఒకే రెసిస్టరు పెట్టడం కుదరదు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్కటి కావాలి. దానంతటదే మిణుకుతూ ఆరుతూ ఉండేది, లేదా రంగులు మార్చుకునేది అయితే లోపల చిన్న సర్క్యూటు ఉందని అర్థం. దాని కాళ్ల మధ్య అంకె నిలకడగా ఉండదు, కాబట్టి ఈ కొలత దానికి పనికిరాదు. డేటా సంకేతంతో నడిచే నాలుగు కాళ్ల ఎల్‌ఈడీలు కూడా ఆ కోవలోవే. ఇలా ఒక్కొక్క కాలినీ పొడిచి చూస్తే వాటి లోపలి సర్క్యూటు చెడిపోవచ్చు.

పెద్ద ఎల్‌ఈడీలు, పట్టీలు

లోహపు పలక మీద అమర్చిన శక్తిమంతమైన ఎల్‌ఈడీలకు రెసిస్టరు అమరిక చాలదు. కరెంటు హద్దును నియంత్రించగల బెంచ్ సప్లై కావాలి. కరెంటు హద్దును 20 మిల్లీఆంపియర్లకూ వోల్టేజిని సున్నాకూ పెట్టి, ఎల్‌ఈడీని కలిపాక మాత్రమే వోల్టేజిని మెల్లగా పెంచాలి. వోల్టేజి ముందే పెంచి ఉంచి ఆ తర్వాత తీగ కలిపితే, సప్లై చివర ఉన్న కెపాసిటరులోని ఛార్జి అంతా కరెంటు హద్దును లెక్కచేయకుండా ఒక్కసారిగా ఎల్‌ఈడీలోకి దూసుకుపోతుంది. ఎల్‌ఈడీ మసకగా వెలిగిన చోట వోల్టేజి చదివి, తెల్లదైతే దాన్ని సుమారు 2.6తో భాగించాలి. 7.9 వచ్చిందంటే మూడు చిప్పులు సిరీస్‌లో ఉన్నాయి. తొమ్మిది చిప్పులు కంటికి కనిపిస్తూ ఇదే అంకె వస్తే మూడేసి చొప్పున మూడు వరసలన్నమాట. 10 వాట్లవిగా అమ్మే ఎల్‌ఈడీల అమరిక సాధారణంగా ఇదే, పూర్తి కరెంటు దగ్గర అవి 9 నుంచి 11 వోల్టుల దాకా తీసుకుంటాయి.

అసలు చిక్కు కరెంటు హద్దు. అది ఏ కొలతలోనూ నేరుగా బయటపడదు, కాబట్టి చిప్పు పరిమాణం చూసి అంచనా కట్టాలి. సూచికగా వాడే చిన్న ఎల్‌ఈడీలలో చిప్పు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, దానికి 20 మిల్లీఆంపియర్లు గరిష్ఠం అనుకోవాలి. ఒక వాట్ ఎల్‌ఈడీలో చిప్పు దాదాపు మిల్లీమీటరు పొడవు, వెడల్పు ఉంటుంది, దాని సాధారణ కరెంటు 350 మిల్లీఆంపియర్లు. పేరు తెలియని ఎల్‌ఈడీని అంచనా వేసిన కరెంటులో సగం దగ్గరే నడపడం తెలివైన పని. కంటికి వెలుగులో తేడా పెద్దగా తెలియదు, వేడి మాత్రం సగం కంటే తక్కువకు దిగుతుంది. వేడిని లాగేసే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింకు, లేకుండా ఇలాంటి ఎల్‌ఈడీని కొన్ని సెకన్లకు మించి పెద్ద కరెంటుతో వెలిగించకూడదు.

ఎల్‌ఈడీ పట్టీల విషయం ఇంతకంటే సులువు, ఎందుకంటే వాటి మీద రెసిస్టర్లు ఎదురుగా కనిపిస్తూనే ఉంటాయి. కత్తెర గుర్తుకూ కత్తెర గుర్తుకూ మధ్య ఎన్ని ఎల్‌ఈడీలున్నాయో లెక్కపెట్టాలి. మూడుంటే సాధారణంగా 12 వోల్టులు, ఆరో ఏడో ఉంటే 24, ఒక్కటే ఉంటే 5. రెసిస్టరు మీద 151 అని ఉంటే 15 పక్కన ఒక సున్నా, అంటే 150 ఓములు. మూడు తెల్ల ఎల్‌ఈడీలకు 9.3 వోల్టులు పోను 12లో మిగిలేది 2.7, దాన్ని 150తో భాగిస్తే 18 మిల్లీఆంపియర్లు. లెక్క సరిపోయింది కనుక అది 12 వోల్టుల పట్టీయే. రంగులు మారే పట్టీలో ఎరుపు వరసకు మాత్రం 331, అంటే 330 ఓములు కనిపిస్తే అది పొరపాటేమీ కాదు: ఎర్రటి చిప్పులు మూడూ కలిసి 6 వోల్టులే తీసుకుంటాయి, మిగిలిన 6 వోల్టులను 330తో భాగించినా ఆ 18 మిల్లీఆంపియర్లే వస్తాయి.

రెసిస్టరు లెక్క

ఫార్వర్డ్ వోల్టేజి తెలిసింది, కరెంటు నిర్ణయించుకున్నాం. సప్లై వోల్టేజిలో నుంచి ఫార్వర్డ్ వోల్టేజిని తీసివేసి, మిగిలినదాన్ని ఆంపియర్లలో చెప్పిన కరెంటుతో భాగిస్తే రెసిస్టరు విలువ వస్తుంది. సప్లై 5 వోల్టులు, ఎల్‌ఈడీ 1.9, కరెంటు 10 మిల్లీఆంపియర్లు అయితే 3.1ని 0.010తో భాగించాలి, 310 ఓములు. దానికి పైన దొరికే ప్రామాణిక విలువ 330. ఎప్పుడూ పై విలువనే తీసుకోవాలి. సప్లై 12 వోల్టులు, తెల్ల ఎల్‌ఈడీ 3.1, కరెంటు 15 మిల్లీఆంపియర్లు అయితే 593 వస్తుంది, 680 పెట్టాలి. అప్పుడు పారేది 13 మిల్లీఆంపియర్లు. రెసిస్టరు మీది 8.9 వోల్టులను ఆ కరెంటుతో గుణిస్తే సుమారు 0.12 వాట్లు, కాబట్టి పావు వాట్ రెసిస్టరు చాలు. వివరం తెలియని చిన్న ఎల్‌ఈడీకి 20కి బదులు 10 మిల్లీఆంపియర్లను ఎంచుకోమని నేను సలహా ఇస్తాను. సూచికగా అయితే రెండు మూడు కూడా ఎక్కువే.

సప్లై వోల్టేజికీ ఎల్‌ఈడీ వోల్టేజికీ మధ్య ఎడం ఎంత ఉండాలన్నది లెక్కలో కనిపించని, కాని చాలా ముఖ్యమైన విషయం. వాహనంలోని 12 వోల్టుల బ్యాటరీ మీద మూడు తెల్ల ఎల్‌ఈడీలను సిరీస్‌లో కలిపామనుకుందాం. 12 వోల్టుల దగ్గర 15 మిల్లీఆంపియర్లకు 180 ఓములు చాలు. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ బ్యాటరీ 14.4 వోల్టుల దాకా ఎక్కుతుంది. రెసిస్టరు మీద 2.7 ఉండవలసిన చోట 5.1 వోల్టులు పడి, కరెంటు 28 మిల్లీఆంపియర్లకు చేరుతుంది. సప్లై ఐదో వంతు పెరిగితే కరెంటు దాదాపు రెట్టింపయింది. దానికి బదులు రెండు ఎల్‌ఈడీలనే సిరీస్‌లో పెట్టి 560 ఓములు వాడితే 12 వోల్టుల దగ్గర 10, 14.4 దగ్గర 14.6 మిల్లీఆంపియర్లు పారుతాయి. సప్లై వోల్టేజిలో కనీసం నాలుగో వంతు, అది నిలకడ లేనిదైతే సగం దాకా, రెసిస్టరు మీద పడేలా చూసుకోవాలి. 3 వోల్టుల బ్యాటరీతో తెల్ల ఎల్‌ఈడీని వెలిగించబోతే ఈ ఎడం అసలే ఉండదు, అక్కడ వోల్టేజిని పెంచే డ్రైవరు సర్క్యూటే శరణ్యం. అదే బ్యాటరీతో ఎర్ర ఎల్‌ఈడీకి 100 ఓముల రెసిస్టరు పెడితే హాయిగా 11 మిల్లీఆంపియర్లు పారుతాయి.

ఎల్‌ఈడీలను ప్యారలల్‌గా, అంటే పక్కపక్కన, కలిపి అన్నిటికీ ఒకే రెసిస్టరు పెట్టకూడదు. ఫార్వర్డ్ వోల్టేజి కొంచెం తక్కువున్నది ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, దానితో వేడెక్కి మరింత లాక్కుంటుంది. గుర్తులు లేని ఎల్‌ఈడీల్లో ఈ అసమానత ఇంకా ఎక్కువ. ప్రతిదానికీ, లేదా సిరీస్‌లో కలిపిన ప్రతి వరసకూ, విడిగా రెసిస్టరు ఉండాలి.

అన్నీ కలిపి వెలిగించాక పావుగంట ఆగి, రెసిస్టరు మీది వోల్టేజిని మరొకసారి కొలవాలి. చల్లగా ఉన్నప్పటి అంకెకూ వేడెక్కాక వచ్చిన అంకెకూ తేడా స్వల్పంగా ఉంటే అమరిక కుదిరినట్టే. అంకె పెరుగుతూనే పోతుంటే కరెంటు ఎక్కువైనట్టు, లేదా ఎడం చాలనట్టు, అప్పుడు రెసిస్టరు విలువ పెంచాలి. ఆ తర్వాత, రంగు, కొలిచిన కరెంటు, ఆ కరెంటు దగ్గర వచ్చిన వోల్టేజి, ఈ మూడింటినీ ఒక చీటీ మీద రాసి మిగిలిన ఎల్‌ఈడీలున్న సంచికి అంటించండి.